తగిలిన దెబ్బ

నా కింది పెదవి మీద ఎడమ పక్కన చిన్న మచ్చ ఉంది. ఎవరు కొట్టారని అడిగితే సినిమా ఫైటర్ కొట్టాడని చెప్తాను. అడిగినవాళ్లు నవ్వుతారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టు, నాకు ఆ నవ్వుకే ఒళ్లు మండుతుంది. ఆ మనిషి జన్మలో కొట్టిన దెబ్బ అదొక్కటే. అది వచ్చి నా మూతి మీద పడింది. కాబట్టి ఆయన కథ చెప్పే హక్కు నాకే ఉంది.

ఆయన పేరు కోదండపాణి. గూడూరు పక్క పల్లె. పదిహేడేళ్ల వయసులో నిమ్మకాయల లారీ ఎక్కి పట్నం వచ్చి, జార్జి టౌన్‌లో కొత్వాల్ చావడిలో దిగాడు. అప్పట్లో కూరగాయల మార్కెట్టు అక్కడే ఉండేది. ఒకరోజు మూటలు దించే చోట కూలీలకీ బండివాళ్లకీ కొట్లాట జరిగింది. కర్రలు లేచాయి, ఒకడి తల పగిలింది. తప్పించుకోడానికి ఈయన నిండు తోపుడుబండి మీదుగా ఎగిరి అవతల దూకి పరుగెత్తాడు. అది చూసిన ఫైట్ మాస్టర్ అసిస్టెంటు ఒకడు వెంటబడి పట్టుకుని, "మళ్లీ దూకు" అన్నాడట. మళ్లీ దూకాడు. ఆ వారమే సినిమా స్టూడియోలున్న కోడంబాక్కంలో మేడ మీది నుంచి దూకించారు. ఆ దూకడం నలభై ఏళ్లు ఆగలేదు.

ఫైటర్ అంటే కొట్టేవాడని మనం అనుకుంటాం. కాదు, తినేవాడు. హీరో చెయ్యి విసిరితే గాల్లో లేచి బల్ల మీద పడాలి, బల్ల విరగాలి. అద్దాల తలుపు లోంచి తలతో దూరి రోడ్డు మీద పడాలి. ఒంటికి మంట అంటించుకుని పరుగెత్తాలి. కోదండపాణి ఒక హీరో చేతిలో తన్నులు తిన్నాడు, ఆ హీరో కొడుకు చేతిలో తిన్నాడు, మనవడు సినిమాల్లోకి వచ్చేనాటికి మోకాళ్లు అరిగిపోయాయి. భుజం విరిగింది, పక్కటెముకలు విరిగాయి, ఎడమ చెవి సరిగా వినపడదు. ఇన్ని తన్నులు తిన్నా తెర మీద ఆయన ముఖం ఒక్కరూ చూడలేదు. డూపు ముఖం కనపడితే షాటు పాడైనట్టే కదా.

ఫైటర్ల పనిలో ఒక నియమం ఉంది. చెయ్యి తగలకూడదు. పిడికిలి ఎదుటివాడి దవడకి నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోవాలి, వాడు మెడ తిప్పాలి, మిగతాది కెమెరా చూసుకుంటుంది. "చెయ్యి తగిలిందంటే వాడు ఫైటర్ కాదు సిస్టరమ్మా, రౌడీ" అని, మోకాళ్ల ఆపరేషనుకి నేను పనిచేసే ఆస్పత్రిలో చేరిన రోజునే ఆయన నాకు చెప్పాడు. పక్కనే సంచి సర్దుకుంటున్న ఆయన భార్య కన్నాంబ అందుకుంది.

"ఇంట్లో కూడా అంతే పాపా. కోపమొస్తే పిడికిలి ఇట్టా ముక్కు దాకా వస్తాది, ఆడ్నే నిలబడిపోతాది. నేను బెదిరినట్టు మెడ తిప్పల్ల. తిప్పకపోతే అలిగి అన్నం మానేస్తాడు."

ఆయన సిగ్గుపడి కిటికీ వైపు తిరిగాడు. చూడబోతే మీసాలు పెద్దవి, మనిషి మెత్తన.

ఆ పనిలో ఇంకో అలవాటు ఉంది, అది మాత్రం పాడు అలవాటు. షాటు అయ్యి డైరెక్టరు "కట్" అనగానే, పడ్డవాడు పడ్డచోటి నుంచే చెయ్యెత్తి "ఓకే మాస్టర్" అనాలి. బాగున్నాను, కంగారు పడొద్దు అని అర్థం. కానీ ఎముక విరిగినవాడూ చెయ్యెత్తుతాడు, నెత్తురు కక్కేవాడూ చెయ్యెత్తుతాడు. ఎత్తకపోతే వాడు మెత్తబడ్డాడని రేపటి షూటింగుకి పిలవరు. కోదండపాణి ప్రాణ స్నేహితుడు వెంకటపతి నాలుగో అంతస్తు నుంచి అట్టపెట్టెల మీదికి దూకి, పెట్టెలు జారిపోయి, పక్కకి పడేసరికి కడుపు సిమెంటు గట్టుకి కొట్టుకుంది. చెయ్యెత్తాడు. "ఓకే మాస్టర్" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బంతిలో కూర్చుని బిర్యానీ కూడా తిన్నాడు. చెయ్యి కడుక్కోడానికి లేచి కొళాయి దగ్గరే కూలిపోయాడు. కడుపు లోపలంతా నెత్తురే. ఆ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది కోదండపాణే. అంత చూసి కూడా, ఆ తర్వాత పడిన ప్రతిసారీ ఆయనా చెయ్యెత్తాడు. ఎంత చెడ్డ అలవాటో చూడండి.

ఇక నా సంగతి. నా పేరు వాసంతి, కోడంబాక్కం వంతెనకి ఇవతల ఒక ఎముకల ఆస్పత్రిలో నర్సుని. మాది వ్యాసర్పాడి. మా నాన్న రైల్వే యార్డులో కూలీ, తాగొచ్చి మా అమ్మని కొట్టేవాడు. ఆ దెబ్బలు నాలుగు వేళ్ల దూరంలో ఆగేవి కావు. మధ్యలో అడ్డం పడి నేనూ తిన్నాను. కొట్టబోయే మనిషి కళ్లు ఎలా ఉంటాయో నన్నడగండి. కోపంతో కొట్టేవాడి చూపు ముందొచ్చి తగులుతుంది, చెయ్యి తర్వాతొస్తుంది. చిన్నప్పుడే ఆ చూపు చూసి మంచం కిందికి దూరడం నేర్చుకున్నాను.

మోకాలు మార్చడమంటే ఆపరేషనే గొప్పని జనం అనుకుంటారు. డాక్టరు అరిగిన ఎముక కోసి, లోహం బిగించి, కుట్లేసి వెళ్లిపోతాడు. అసలు యుద్ధం ఆ తర్వాత మా వార్డులో జరుగుతుంది. కొత్త మోకాలు వంచకపోతే కొయ్యబారిపోతుంది, వంచితే ప్రాణం పోయినట్టుంటుంది. మా ఫిజియో ఆనంద్‌రాజ్ మడమ పట్టుకుని వెనక్కి నెడుతుంటే ఆ కేకలకి వార్డు కబేళాలా ఉంటుంది. బ్యాంకు మేనేజర్లు బూతులు తిడతారు. భజనలు పాడే ఒకావిడ నా ముంజేయి కండ ఊడొచ్చేలా కొరికింది. మేం తిట్లూ గాట్లూ పట్టించుకోం. మాకు కావలసింది ఒకటే, నొప్పి ఎక్కడ, ఎంత అన్నది నిజం చెప్పడం. ముఖ్యంగా పిక్కలో. ఆపరేషనైన కాలి పిక్కలో ఒక్కోసారి లోపలి నరంలో రక్తం గడ్డ కడుతుంది. కట్టకుండా పొట్ట మీద సూదులు వేస్తాం, పాదం ఆడించమంటాం, అయినా ఒక్కోరికి కడుతుంది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందంటే మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూనే పోతాడు. మోకాలు ఎటూ వాచే ఉంటుంది కాబట్టి పైకి చూస్తే చాలాసార్లు తెలీదు. పేషెంటు నోరు తెరిచి చెప్పాలి.

కోదండపాణికి ముందు కుడి మోకాలు మార్చారు. పొద్దున్నే వెళ్లి, "నొప్పి ఎంతన్నా? పిక్కలో ఏమైనా లాగతా ఉండాదా?" అని అడిగితే, పడుకున్నవాడు పడుకున్నట్టే చెయ్యెత్తేవాడు.

"ఓకే సిస్టరమ్మా!"

ఆనంద్‌రాజ్ మోకాలు వంచుతుంటే నుదుటి నరాలు ఉబికేవి, కళ్లలో నీళ్లు తిరిగేవి, చెయ్యి మాత్రం లేచేది. ఇంత మంచి పేషెంటు దొరికాడని మేం మురిసిపోయాం. పక్క మంచంలో వరదరాజులు శెట్టిగారని జార్జి టౌన్‌లో ఎండుమిరపకాయల హోల్‌సేల్ వ్యాపారి, తుంటి మార్పించుకుని, దుప్పటి తగిలినా కేకలు పెట్టేవాడు. "పక్కాయన్ని చూసి నేర్చుకోండి శెట్టిగారూ" అన్నాను ఒకసారి.

"ఆయన దెబ్బలు తినేదానికి పుట్నాడు తల్లీ. నేను మిరపకాయలు అమ్మేదానికి పుట్నా. నాకు నొస్తాది, అరస్తా" అన్నాడు శెట్టిగారు.

ఆ ముసలాయన మాటే అన్నిటికంటే తెలివైన మాట.

ఆ రోజు పదకొండు గంటలకి, చూడవచ్చినవాళ్లతో వార్డు కిటకిటలాడుతోంది. నేను వెళ్లేసరికి కోదండపాణి మంచం దగ్గర ఆముదం, కర్పూరం కలిసిన వాసన గుప్పుమంది. కుప్పుసామి అని ఆయన తోటి ఫైటర్, అరవై దాటిన మనిషి, పంచె మడతలో సీసా దాచుకుని నిలబడ్డాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"బుద్ధుందా మీకు? కుట్ల పక్కన నూనె రాస్తారా? చీము పడితే ఎవరు చూసేది, నువ్వా?"

"కుట్ల మీద కాదు సిస్టర్, కిందనే. మా షూటింగు ఫ్లోర్లో ఏ దెబ్బకైనా ఇదే మందు. ఇప్పుడే మొదలుపెట్టినా, ఇంకా రుద్దనే లేదు" అని నసిగాడు కుప్పుసామి.

అతన్ని పక్కకి నెట్టి, ఆ జిడ్డు తుడవడానికి దుప్పటి తీశాను. స్పిరిట్ దూది తీసుకుని కాలు కాస్త పైకెత్తి, కోదండపాణి పిక్క కింద చెయ్యి పెట్టి గట్టిగా ఒక్క తుడుపు తుడిచాను.

అంతే. పిడికిలి వచ్చి నా మూతి మీద పడింది.

ఎంత బలంగా అంటే, నేను వెనక్కి వెళ్లి మందుల బండి మీద పడ్డాను. బండి తిరగబడింది. సీసాలు పగిలాయి, కత్తెరలు, ట్రేలు గచ్చు మీద మోగాయి. పెదవి చీలి నోటి నిండా నెత్తురు. లేచేసరికి నా చెయ్యి కూడా లేచింది. వ్యాసర్పాడి చెయ్యి అది, నర్సు డ్రెస్సు వేసుకున్నంత మాత్రాన ఊరుకోదు. నిజంగా కొట్టేదాన్నే. కానీ నాకంటే ముందు శెట్టిగారి మనవడు అజిత్ దూకాడు.

కుర్రాడు జిమ్ముకి పోతాడు, తెలుగింటి పిల్లాడైనా కోపమొస్తే అరవమే. "డేయ్! పొంబళ మేల కై వెక్కిరియా!" అని అరుస్తూ కోదండపాణి చొక్కా పట్టి గుంజాడు. ఆడమనిషి మీద చెయ్యి వేస్తావా అని ఇంకో ఇద్దరు తోడయ్యారు. ముసలాయన్ని మంచం మీది నుంచి సగం కిందికి లాగేశారు. దవడ మీద ఒకటి, డొక్కలో ఒకటి, వీపు మీద చెప్పుతో ఒకటి. కుప్పుసామి అడ్డం వెళితే గోడకేసి కొట్టారు. కన్నాంబ నెత్తి బాదుకుంటూ అరుస్తోంది. మంచం ఇనుప కమ్మీకి కోదండపాణి నుదురు కొట్టుకుని నెత్తురు కారింది. ఒకడు ఫోనెత్తి ఇదంతా వీడియో తీస్తున్నాడు. ఆ మనిషి నలభై ఏళ్లు కెమెరా ముందు దెబ్బలు తింటే, ముఖం కనపడేలా తీసింది వాడొక్కడే.

నేను మధ్యలో పడ్డాను. మొదటివాడి జుట్టు పట్టి లాగాను, చెప్పుతో కొట్టినవాడి చెంప పగలగొట్టాను, అజిత్ చెయ్యి కొరికి విడిపించాను. మా వార్డులో పేషెంటుని కొడితే నేను అమ్మవారినే. నా నోటి నెత్తురు వాడి తెల్లచొక్కా మీద పడేసరికి వాడే జడిసి వెనక్కి తగ్గాడు.

అప్పుడు కోదండపాణి, తల కిందికి వేలాడుతూ, నుదుటి నుంచి నెత్తురు కంట్లోకి కారుతూ, మెల్లగా కుడిచెయ్యి పైకెత్తాడు.

"ఓకే మాస్టర్" అన్నాడు.

నా ఒంట్లో కోపమంతా నీరైపోయింది. ముగ్గురు కుర్రాళ్లు పట్టుకుని కొడితే ఒక్క దెబ్బ తిరిగి కొట్టలేదు ఈ మనిషి. ప్రతి దెబ్బకీ మెడ తిప్పాడు, వీపు ఇచ్చాడు, నేర్చుకున్నట్టే తిన్నాడు. మరి నన్నెందుకు కొట్టాడు? నలభై ఏళ్లు నాలుగు వేళ్ల దూరంలో ఆగిన పిడికిలి నా మూతి దగ్గర ఎందుకు ఆగలేదు? కొట్టిన క్షణం గుర్తు తెచ్చుకున్నాను. ఆయన కళ్లు నన్ను చూడలేదు. గట్టిగా మూసుకుని ఉన్నాయి. కొట్టింది కోపం కాదు, నొప్పి. మోకాలు వంచినా రానంత నొప్పి దూది తుడిస్తే వచ్చింది, అదీ పిక్కలో.

గోడ పక్కనున్న కుప్పుసామి వైపు తిరిగాను. "కుప్పుసామన్నా! ఎందుకు రుద్దమన్నాడు నిన్ను? నిజం చెప్పు!"

"పిక్క రాయి మాదిరి బిగుసుకుందన్నాడు సిస్టర్. మీకు చెప్పొద్దన్నాడు. రెండు పిడికిళ్లేసి రుద్దితే సరిపోతాదని…"

అప్పటికి ఆఫీసు నుంచి ఒకాయన, సెక్యూరిటీవాళ్లు వచ్చేశారు. నర్సుని కొట్టాడు, వీడియో ఉంది, పోలీసులకి ఫోన్ చేశాం, చక్రాల కుర్చీలో వేసి బయటికి తోలండి అంటున్నాడు ఆ ఆఫీసాయన. సెక్యూరిటీవాడు కాలు పట్టి ఎత్తబోయాడు.

"ఆ కాలి మీద చెయ్యేసినవాడి చెయ్యి విరిచేస్తా!" అని అరిచాను. నోట్లో నెత్తురుతో ఆ మాట ఎలా వినపడిందో గానీ వాడు ఆగిపోయాడు. "కొట్టించుకున్నది నేను. కేసు లేదు, ఏం లేదు. ఆయన్ని కదిలించొద్దు. డాక్టర్ని పిలవండి ముందు."

డ్యూటీ డాక్టరు లయ పరుగెత్తుకొచ్చింది. నా మూతి చూడబోతే కాలు చూపించాను. రెండు పిక్కలూ పక్కపక్కన పెట్టి చూసింది, ఇంకో మాట లేకుండా స్కాన్ మిషన్ మంచం దగ్గరికే తెప్పించింది. గడ్డ ఉంది. తొడ దాకా పాకి ఉంది. కుప్పుసామి ఆ రెండు పిడికిళ్లూ వేసి ఉంటే ఏమయ్యేదో లయ చెప్పలేదు, ఆయన మొహం చూసి ఊరుకుంది. కుప్పుసామి నూనె సీసా చెత్తబుట్టలో వేసి, మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ తర్వాత రోజులన్నీ మందులు, సూదులు, రక్తపరీక్షలు. దగ్గు వచ్చినా, ఊపిరి బరువుగా తీసినా మాకు ప్రాణాలు అరచేతిలో ఉండేవి. ఆయన గండం గట్టెక్కాడు. ఆ వీడియోని అజిత్ దగ్గరుండి ఫోన్లోంచి చెరిపించేశాడు. నా కొరుకుడుకి కట్టు కట్టించుకున్న చేత్తోనే కోదండపాణికి కొబ్బరినీళ్లు తెచ్చి, తల దించుకుని అడిగాడు.

"నువ్వు ఫైటర్‌వంట గదా తాతా. మమ్మల్ని తిరిగి కొట్టలేదేంది?"

"కొట్టేది నాకు రాదబ్బాయా. తినేది ఒకటే వచ్చు" అన్నాడు కోదండపాణి.

నా మొహం మాత్రం చూసేవాడు కాదు. నేను సూది వేయబోతే గోడ వైపు తిరిగేవాడు. ఒకరోజు మంచం మీద కూర్చుని బలవంతంగా తిప్పాను. "నా చెయ్యి తగిలింది సిస్టరమ్మా" అని భోరుమన్నాడు. "అదీ ఒక ఆడబిడ్డకి. ఇన్నేళ్ల పేరు పొయ్యింది."

"అయ్యో పిచ్చన్నా! అది తగలబట్టే బతికినావు. నువ్వెత్తే ఆ చెయ్యి నిన్ను చంపేదానికే చూసింది. వినుకో. ఈడ మాస్టర్ లేడు. రేపు పిలవరనే భయం లేదు. నొప్పంటే నువ్వే కట్ చెప్పల్ల."

ఆయన బెదిరిపోయాడు. "నేనా? అది డైరెక్టరు మాట తల్లీ. ఫ్లోర్లో మేము ఆ మాట అనకూడదు."

"ఇది ఫ్లోర్ కాదు, నా వార్డు."

డాక్టర్లు సరేనన్నాక ఆనంద్‌రాజ్ మళ్లీ మోకాలు వంచడం మొదలుపెట్టాడు. ఆ పొద్దున నేను మంచం పక్కనే నిలబడ్డాను, కన్నాంబ అటుపక్క. మడమ వెనక్కి జరిగేకొద్దీ కోదండపాణి పళ్లు బిగించాడు. నుదుటి నరాలు ఉబికాయి. కుడిచెయ్యి మంచం మీది నుంచి లేవసాగింది. నేను ఆ మణికట్టు పట్టుకుని కిందికి నొక్కేశాను. విడిపించుకోవాలని గింజుకున్నాడు, నేను వదల్లేదు. చెయ్యి లేవకపోయేసరికి ఆ నొప్పికి దారి నోరొక్కటే మిగిలింది.

"కట్!" అని అరిచాడు. వార్డు అదిరిపోయింది. "కట్! కట్! అమ్మా, నొప్పమ్మా, కట్!"

ఆనంద్‌రాజ్ టక్కున వదిలేశాడు. పక్క మంచంలో శెట్టిగారు లేచి కూర్చున్నాడు. కోదండపాణి చుట్టూ చూశాడు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ లేచి వెళ్లిపొమ్మనలేదు. తను అంటే నిజంగానే ఆగిపోయిందని నమ్మడానికి ఆయనకి కాస్త సమయం పట్టింది. అప్పుడు నా చెయ్యి పట్టుకుని, వెక్కుతూ అన్నాడు.

"ఎంకటపతికి కూడా నోరుండిందమ్మా. చెయ్యెత్తేది ఒకటే నేర్పించినారు మాకు."

కన్నాంబ కొంగుతో ఆయన మొహం తుడిచింది. నేను ఐసు తెచ్చి మోకాలి మీద పెట్టాను.